చెవి వెనక బొడిపె

మా తమ్ముడి కుడిచెవి వెనక, జుట్టు కింద, బఠాణీగింజంత బొడిపె ఒకటి ఉండేది. వేలితో నొక్కితే లోపలికి పోయేది, వేలు తీస్తే మళ్లీ పైకి లేచేది. అది పైకి లేవడమే ముప్పై ఎనిమిదేళ్లపాటు మా ఇంట్లో శుభవార్త. ఇప్పుడు దాని గురించి రాద్దామని కూర్చుంటే నా మీద నాకే ఒళ్లు మండుతోంది. అయినా రాస్తాను. వాడి గురించి రాయడానికి నేను తప్ప ఎవరూ లేరు, వాడి చేత్తో వాడు రాసుకునే రోజులు పోయాయి.

వాడు పుట్టేనాటికి నాకు ఎనిమిదేళ్లు. నెల తిరిగేసరికి వాడి తల ఒంటికి మించి పెరగడం మొదలైంది. తలలో నీరు చేరుతోందన్నారు డాక్టర్లు. ఆపరేషన్ చేసి సన్నటి గొట్టం పెట్టారు. అది తలలో బయల్దేరి, చెవి వెనక్కి వచ్చి, మెడ పక్కనుంచి ఛాతీ మీదుగా చర్మం కిందే ప్రయాణం చేసి పొట్టలోకి దిగుతుంది. తలలో ఎక్కువైన నీరు ఆ దారిన పోయి ఒంట్లో కలిసిపోతుంది. డాక్టర్లు దాన్ని షంట్ అన్నారు. మా అమ్మ గొట్టం అంది. మా ఇంట్లో అమ్మ మాటే చెల్లింది.

ఇంటికి పంపే రోజున ఒక నర్సు అమ్మ వేలు పట్టుకుని ఆ బొడిపె మీద పెట్టింది. "రోజుకోసారి ఇలా మెల్లగా రెండుసార్లు నొక్కండమ్మా. పైకి లేచిందా, గొట్టం పనిచేస్తున్నట్టు. లేవలేదా, ఉన్నపళంగా తీసుకొచ్చేయండి" అంది. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో నేనే విన్నాను. రెండుసార్లు. కానీ మా అమ్మకి దేనిమీదా అంత తొందరగా నమ్మకం కుదరదు. తలుపు గడియపెట్టి మూడుసార్లు లాగి చూసే మనిషి. రెండుసార్లకి ఏం తెలుస్తుందని ఆవిడ పది చేసింది. ప్రతిరోజూ పొద్దున్నే, పొయ్యి వెలిగించకముందే, వాణ్ని ముందు కూర్చోబెట్టుకుని పదిసార్లు నొక్కి, "లేచింది" అని పైకే అనేది. ఆ మాట వింటేగానీ మాకు తెల్లారినట్టుండేది కాదు.

వాడికి తొమ్మిదో ఏట ఒకరోజు ఆ మాట వినపడలేదు. అమ్మ నొక్కింది, బొడిపె గుంటపడి అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నానికి వాడు వాంతులు చేసుకుని, కళ్లు తేలేశాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే గొట్టం పూడుకుపోయిందని, ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని అన్నారు. గొట్టం మార్చారు. మూడు రోజులు వాడికి స్పృహ లేదు. పొద్దున్నే అమ్మ నొక్కి చూసి కనిపెట్టింది కాబట్టి ప్రాణం నిలిచిందని డాక్టరే మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలే మా కొంప ముంచింది. ఆనాటినుంచి గొట్టానికి ఒకే ఒక్క జబ్బు ఉంటుందని, అది పూడుకుపోవడమేనని మా బుర్రల్లో ముద్ర పడిపోయింది.

వాడికి ఇరవై రెండేళ్లప్పుడు అమ్మ పోయింది. ఆఖరి వారం మాట కూడా సరిగ్గా రాలేదు, కానీ నేను మంచం దగ్గరికి వెళ్లినప్పుడల్లా, "నొక్కావా?" అని మాత్రం అడిగేది. నొక్కానని చెప్తే కళ్లు మూసుకునేది. అలా ఆ పని నాకు వచ్చింది.

నా సంగతి కూడా రెండు మాటల్లో చెప్పాలి. ఒక బడిలో గంట కొట్టే ఉద్యోగం నాది. ఆరు వందలమంది పిల్లల్ని ఒక్క అరుపుతో వరసల్లో నిలబెట్టగలను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, నోరు అంతకంటే ముందుంటుంది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి కోసం త్యాగం చేశానని చుట్టుపక్కలవాళ్లు చెప్పుకుంటారు గానీ అది శుద్ధ అబద్ధం. చూడటానికి వచ్చినవాళ్లలో సగంమంది నాకు నచ్చలేదు, మిగతా సగానికి నా గొంతు నచ్చలేదు.

వాడు నాకు పూర్తిగా తిరగేసిన మనిషి. నిమిషానికి ఒక మాట. బస్టాండు వెనక సందులో, రెండో అంతస్తులో ఉన్న ఒక కుట్టుపని దుకాణంలో కోట్లకి కాజాలు కుట్టేవాడు. గుండీ దూరే కన్నం చుట్టూ దారంతో కట్టే అంచు ఉంటుందే, అదే కాజా. మిషన్ మీద అరనిమిషంలో అయిపోతుంది. వాడు చేత్తో కుడితే ఒక్కోదానికి పావుగంట పట్టేది. సుద్దతో గీత గీసి, చిన్న ఉలితో కోసి, దారానికి మైనం రాసి, కన్నం అంచుని ముడి వెంట ముడి వేసుకుంటూ వచ్చేవాడు. ఒక్కో కాజాకి డెబ్భై ముడులు. ఒక ముడి పెద్దది, ఒక ముడి చిన్నది అని ఎవరూ వేలెత్తి చూపించలేకపోయారు. దుకాణంలో వాడి పేరు నిదానం. కత్తెర పట్టే మాస్టరుగారు పెట్టారా పేరు. "మా నిదానం కుట్టిన కాజా కోటు చిరిగినా చిరగదు" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవారాయన.

వాడికో అలవాటు ఉండేది. రోజూ మధ్యాహ్నం, మాస్టరుగారు గుడ్డ కోసే పెద్దబల్ల కింద, తుక్కుముక్కల మీద, పావుగంట వెల్లకిలా పడుకునేవాడు. తల దిండు మీద కూడా పెట్టేవాడు కాదు. కూర్చునుంటే తలనొప్పి వస్తుందని, పడుకుంటే పోతుందని అనేవాడు. ఇరవయ్యో ఏటనుంచీ అంతే. మాస్టరుగారు ఆటపట్టించేవారు, నేనైతే "సోమరిపోతుకి సాకులు బాగానే దొరుకుతాయి" అనేదాన్ని. పడుకుంటే పోయే తలనొప్పి ఏమిటని ఎవరమూ అడగలేదు.

వాడికి ముప్పై అయిదు దాటాక ఒకరోజు చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని వచ్చాడు. "ఊరందరి కోట్లకీ కాజాలు కుడతావు, నీ చొక్కాకి గుండీ పెట్టుకోవడం చేతకాదేంరా" అన్నాను. నవ్వాడు. నేనే సరిచేశాను. మర్నాడూ అంతే. నాలుగో రోజున వాడు అద్దం ముందు నిలబడి మెడ దగ్గర గుండీతో చాలాసేపు కుస్తీ పట్టడం తలుపు సందులోంచి చూశాను. వేళ్లు గుండీ మీద ఉన్నాయి, కానీ గుండీ ఎక్కడుందో వేళ్లకి తెలియడం లేదు.

తర్వాత నడుస్తుంటే కాలి చెప్పు జారిపోవడం, అది జారిన సంగతి నాలుగడుగులు వేశాక గానీ తెలియకపోవడం. మెట్లు దిగేటప్పుడు కాళ్లు కర్రల్లా బిగుసుకునేవి. సూది పట్టుకుంటే కింద పడేది. పడ్డ సూదిని నేలమీదనుంచి తీయడానికి అరగంట పట్టేది.

నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. పది కాస్తా ముప్పై చేశాను. తగ్గకపోతే యాభై చేశాను. తర్వాత పొద్దున్న వంద, సాయంత్రం వంద. బొడిపె టక్కుమని పైకి లేచేది, లేచినప్పుడల్లా నాకు ధైర్యం వచ్చేది. గొట్టం బాగుంది, నీరు దిగుతోంది, ఇంకొంచెం దిగితే వీడికి కాళ్లూ చేతులూ వస్తాయని అనుకున్నాను.

ఒక రోజు, అరవయ్యో డెబ్భయ్యో నొక్కాక, వాడు తల పక్కకి జరిపాడు.

"అక్కా, నువ్వు నొక్కుతుంటే తలంతా డొల్లయిపోయినట్టుంటోంది. మెడ దగ్గర లాగుతోంది. చేతులు ఇంకా మొద్దుబారుతున్నాయి. కొన్నాళ్లు మానేద్దామా?"

నేను అన్న మాటలు ఒక్క అక్షరం పోకుండా నాకు గుర్తున్నాయి. "డాక్టరీ ఎప్పుడు చదివావురా నువ్వు? అమ్మ ఇలా నొక్కబట్టే ఈ మాత్రం బతికున్నావు. నాకు బడికి టైమవుతోంది, నీ వేషాలు నా దగ్గర కాదు, తల ఇటు తిప్పు!" అని అరిచాను. పక్కింటి కిటికీ తెరుచుకుంది. వాడు తల తిప్పాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పెద్దాస్పత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరుగారు తలకి స్కాన్ తీయించి, దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టుకుని, "తలలో చుక్క నీరు నిలవలేదమ్మా. మీ షంట్ ఫస్ట్ క్లాసుగా పనిచేస్తోంది" అన్నారు. బలానికి మాత్రలు రాశారు, వ్యాయామం చేయించమన్నారు. నేను గర్వంగా ఇంటికొచ్చాను. ఫస్ట్ క్లాస్ ఊరికే వస్తుందా, నా వేలు అరగదీసుకుంటే వచ్చింది అనుకున్నాను. అలా ఏడాదిన్నర గడిచిపోయింది.

ఆ మధ్యలో బడిపిల్లల్ని ఆటలపోటీలకి తీసుకెళ్లాల్సొచ్చి నేను మూడు రోజులు ఊళ్లో లేను. పక్కింటావిడకి నొక్కడం నేర్పించి వెళ్లాను. తిరిగొచ్చేసరికి వాడు మంచం మీద కూర్చుని నల్లగుడ్డ ముక్కొకటి పట్టుకుని ఉన్నాడు. దానిమీద కాజా. ముడులు వంకరటింకరగా ఉన్నాయి, ఒకచోట దారం తెగింది, అయినా కాజానే. అప్పటికి అయిదు నెలలుగా వాడు సూది పట్టలేదు.

"చూడక్కా" అని రెండు చేతులతో ఎత్తి చూపించాడు. వాడి మొహం అంతలా వెలగడం చూసి ఎన్నాళ్లయిందో.

నేను ఆ గుడ్డని సరిగ్గా చూడను కూడా లేదు. "ఆవిడ రోజూ నొక్కిందా?" అని అడిగాను. భయమేసి ఒక్కరోజు కూడా ముట్టుకోలేదట. ఆవిడని నానామాటలూ అని, చేతి సంచీ భుజాన్నుంచి దించకుండానే వాణ్ని కూర్చోబెట్టి, మూడు రోజుల బాకీ అంతా ఒక్క పూటలో తీర్చేశాను. ఆరొందలు నొక్కాను. ఆ నల్లగుడ్డ వాడి ఒళ్లోంచి జారి కింద పడింది. ఆ తర్వాత వాడు మళ్లీ కాజా కుట్టలేదు.

సూది పట్టలేకపోయినా వాడు దుకాణానికి వెళ్లడం మానలేదు, ఇంకో నెలకి ఆ మెట్ల మీద పడ్డాడు. మాస్టరుగారే ఆటోలో ఇంటికి తీసుకొచ్చారు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "తల్లీ, వీడి చోటు ఎవరికీ ఇవ్వను. కానీ ఇక రోజూ రావద్దని చెప్పు. ఆ మెట్లెక్కడం నేను చూడలేకపోతున్నాను" అన్నారు. అంత పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. వాడు మాత్రం మంచం మీదనుంచి, "నిదానంగా ఎక్కుతాను లెండి మాస్టారూ" అన్నాడు. ఆయన నవ్వబోయి నవ్వలేకపోయారు.

కర్ర పట్టుకున్నాడు. కర్ర పట్టే పట్టు కూడా పోయాక కుర్చీకి అతుక్కుపోయాడు. అన్నం నేనే కలిపి పెట్టేదాన్ని. మీసం నేనే కత్తిరించేదాన్ని. చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. ఉదయం వంద, సాయంత్రం వంద మాత్రం ఒక్కపూట కూడా తప్పలేదు.

ముప్పై ఎనిమిదో ఏట వేరే ఆస్పత్రికి వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ నాకంటే పదిహేనేళ్లు చిన్నది. ఈ పిల్లకేం తెలుస్తుందిలే అని మనసులో అనుకున్నాను, మొహంలో కూడా కనిపించే ఉంటుంది. ఆమె స్కాన్ కాగితాలు పక్కన పెట్టి ముందు మనిషిని చూసింది. మోకాలి కింద చిన్న సుత్తితో తట్టింది, కాలు తన్నినట్టు ఎగిరింది. అరికాలి మీద గీసింది, కిందికి ముడుచుకోవాల్సిన బొటనవేలు పైకి లేచింది. మళ్లీ గీసి చూసింది. తర్వాత వింత ప్రశ్న ఒకటి అడిగింది.

"తలనొప్పి కూర్చుంటే వస్తుందా, పడుకుంటే వస్తుందా?"

"పడుకుంటే పోతుందండీ. ఇరవయ్యో ఏటనుంచీ అంతే" అన్నాడు వాడు.

ఆ మాటకి ఆమె రాయడం ఆపి తలెత్తింది. అదే రోజు మెడకి స్కాన్ తీయించింది. మూడేళ్లలో వాడి మెడ వైపు చూసిన మొదటి మనిషి ఆమె.

సాయంత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి తెర మీద బొమ్మ చూపించింది. మెడ ఎముకల మధ్యనుంచి వెన్నుపాము దిగుతోంది. దానికి రెండు పక్కలా నల్లగా ఉబ్బిన పట్టీలున్నాయి, వాటి మధ్య వెన్నుపాము నలిగి సన్నటి నాడాలా అయిపోయింది.

"ఇవి గడ్డలు కావమ్మా, సిరలు. మామూలుగా సన్నగా ఉంటాయి. మీ తమ్ముడి గొట్టం నీటిని తక్కువ కాదు, ఎక్కువ లాగేస్తోంది. ఏళ్ల తరబడి లాగేస్తోంది, కూర్చుంటే ఇంకానూ. పడుకుంటే పోయే ఆ తలనొప్పి అందుకే. తలలోని నీరే మెడలో వెన్నుపాము చుట్టూ కూడా ఉంటుంది, అది తగ్గిన చోటు ఖాళీగా ఉండదు కదా, ఆ చోట్లోకి సిరలు రక్తంతో ఉబ్బి వచ్చాయి. వెన్నుపాముని నొక్కేస్తున్నాయి. చేతులకీ కాళ్లకీ పోయే నరాలన్నీ అందులోంచే పోతాయి. షంట్ ఉన్నవాళ్లలో ఇది చాలా అరుదు. అందుకే ఎవరికీ తట్టలేదు."

గొట్టం పూడుకుపోతుందని ముప్పై ఎనిమిదేళ్లు కాపలా కాశాం. అది బాగా పనిచేయడమే జబ్బు అంటోంది ఆమె.

అప్పుడామె కలం మూత పెడుతూ, మామూలుగా అడిగింది. "ఆ బొడిపెని ఎవరైనా నొక్కుతుంటారా? పాతకాలంలో అలా నేర్పేవారు."

నేను నోరు తెరిచేలోపు వాడు అన్నాడు, "ఎప్పుడైనా నేనే నొక్కుకుంటానండీ. దురదపెడితే."

డాక్టరమ్మ వాడి చేతుల వైపు చూసింది. అవి ఒళ్లో వెల్లకిలా పడున్నాయి, వేళ్లు సగం ముడుచుకుని ఉన్నాయి. చెవిదాకా కాదు, గడ్డందాకా కూడా ఎత్తలేని చేతులు.

"నేనే నొక్కానమ్మా" అన్నాను. "పొద్దున్న వంద. సాయంత్రం వంద."

ఆమె కలం పక్కన పెట్టింది. తర్వాత, "అసలు తప్పు గొట్టంలోనే ఉంది. మీరు నొక్కకపోయినా ఇది వచ్చి ఉండేదేమో. నొక్కడం వల్ల ఎంత ఎక్కువైందో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు" అంది. నన్ను ఓదార్చాలనే అంది. అంతా నీవల్లే అని తిట్టినా ఇంతకంటే బాగుండేది. ఎంతో తెలిస్తే అంత ఏడ్చి ఊరుకునేదాన్ని.

ఆపరేషన్ చేశారు. పాత బొడిపె తీసేసి, నీటిని మెల్లగా వదిలే కొత్తది అమర్చారు. అది చదునుగా ఉంటుంది, నొక్కడానికి ఏమీ ఉండదు. మూడు నెలలకి మళ్లీ స్కాన్ తీస్తే సిరలు చాలామటుకు తగ్గిపోయాయి. కానీ మూడేళ్లు నలిగిన వెన్నుపాము మళ్లీ మునుపటిలా అవదని డాక్టరమ్మ ముందే చెప్పింది, అలాగే అయింది. కాళ్లు కొంత వచ్చాయి. నాలుగు కాళ్ల ఇనప చట్రం పట్టుకుని గదిలోంచి గుమ్మందాకా వస్తాడు. తలనొప్పి పోయింది. వేళ్లు రాలేదు. చెంచా పట్టుకోగలడు, సూది పట్టుకోలేడు. రెండేళ్లయింది. ఇక వచ్చేది ఏమీ లేదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

మాస్టరుగారు పండక్కీ పబ్బానికీ కాదు, ఊరికే, ప్రతి గురువారం వస్తారు. బల్ల కింద వాడు పడుకునే చోట ఇప్పుడు గుడ్డల మూటలు పెట్టామని, అటు వెళ్లినప్పుడల్లా కాలు తగలకుండా పక్కనుంచి తిరిగి వెళ్తున్నానని ఒకసారి చెప్పారు.

మొన్న బీరువా సర్దుతుంటే ఆ నల్లగుడ్డ ముక్క దొరికింది, వంకర కాజా ఉన్నది. వాడు ఎప్పుడు దాచమన్నాడో, నేను ఎప్పుడు దాచానో గుర్తులేదు. దాన్ని వాడి ఒళ్లో పెట్టి పక్కన కూర్చున్నాను. రెండేళ్లుగా అడగాలనుకుని అడగనిది అడిగాను.

"ఒరేయ్, నేను నొక్కుతుంటే ఎక్కువవుతోందని నీకు తెలుసా?"

వాడు గుడ్డని అరచేతి అంచుతో సాపుచేశాడు. "అనుమానంగా ఉండేదక్కా. నువ్వు ఊళ్లో లేని ఆ మూడు రోజులు చేతులు కొంచెం మాట విన్నాయి. అప్పుడు గట్టిగానే అనిపించింది."

"మరి చెప్పలేదేంరా?"

"చెప్పాను కదా, అంతకుముందే ఒకసారి."

"ఒకసారి చెప్తే సరా? మళ్లీ ఎందుకు చెప్పలేదు?"

"అరుస్తావని" అన్నాడు.

అందులో నిష్ఠూరం లేదు. బయట ఎండగా ఉందని చెప్పినట్టు చెప్పాడు. అదే నన్ను చంపింది. ఆరు వందలమంది పిల్లల్ని నిలబెట్టే గొంతు అని ఇన్నాళ్లూ మురిసిపోయాను. నా తమ్ముడు వాడి చేతులు పోతున్నా సరే, ఆ గొంతుకి భయపడి తల తిప్పి నా వేలి కింద పెట్టాడు. క్షమించమని అడగబోయాను. అవసరం లేనప్పుడల్లా వచ్చే ఆ గొంతు అప్పుడు రాలేదు.

ఇప్పటికీ పొద్దున్నే నేను మంచం దగ్గరికి వెళ్తే వాడు అలవాటుగా తల ఎడమవైపు వంచుతాడు. ఒక్క క్షణమాగి, గుర్తొచ్చి, మళ్లీ నిటారుగా పెడతాడు. నేను చొక్కా తొడిగి, కిందనుంచి ఒక్కొక్క గుండీ పెట్టుకుంటూ వస్తాను. మెడ దగ్గరికి వచ్చాక గొంతు వీలైనంత తగ్గించి అడుగుతాను.

"ఎలా ఉందిరా? నొప్పిగానీ, ఇబ్బందిగానీ ఏమైనా ఉందా?"

"ఏం లేదక్కా. బానే ఉంది" అంటాడు.

రోజూ ఇదే జవాబు. నిజంగా బాగుండి అంటున్నాడో, నేను అరుస్తానని అంటున్నాడో తెలుసుకునే దారి నాకు లేదు. ఆఖరి గుండీ పెట్టి, బడికి వెళ్తాను.